కొత్త కిట్టు వేశాక కూడా బండి ఎందుకు తడబడుతుంది

మా ఇంట్లో 1986 నాటి ప్రీమియర్ పద్మిని ఒకటి ఉంది. నాన్న నడిపిన బండి. రెండేళ్ల కిందట, పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు పంపే దాని సోలెక్స్ కార్బురేటర్‌ను పూర్తిగా విప్పించి, కడిగించి, కొత్త కిట్టు, అంటే మార్చాల్సిన చిన్న భాగాల సెట్టు, వేయించాను. ఆ తరవాత ఐడ్లింగ్ (పెడల్ తొక్కకుండా ఇంజన్ తిరగడం) గడియారం కొట్టుకున్నంత నిలకడగా ఉండేది. నాలుగో గేరులో, అరవై వేగంలో పోతుంటే పేరు పెట్టడానికి లేదు. కాని సిగ్నల్ దగ్గర ఆగి, పచ్చదీపం పడగానే యాక్సిలరేటర్ తొక్కితే మాత్రం ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టు ఆగేది. కార్బురేటర్‌లోంచి టప్పుమని ఒక తుమ్ము తుమ్మేది. ఆ తరవాతే కదిలేది. వెనకున్నవాళ్లు హారన్ కొట్టడానికి ఆ క్షణం చాలు.

మెకానిక్‌కు చూపిస్తే ఒకటే మాట అన్నాడు: "పంపు కిట్టు కొత్తది వేశాను కదండీ, అందులో ఏమీ ఉండదు. మెయిన్ జెట్టు పెద్దది వేద్దాం." జెట్టు అంటే పెట్రోలును కొలిచి వదిలే సన్నని రంధ్రం. సరేనని వేయించాను. పంపు కిట్టు కొత్తది వేసిన మాట నిజమే. కొత్తది కాబట్టి పనిచేస్తోందనడమే అసలు చిక్కు. ఓవర్‌హాల్ తరవాత పుట్టిన జబ్బుకు కారణం చాలాసార్లు ఆ ఓవర్‌హాల్‌లోనే ఉంటుంది. కాని కొత్త భాగాన్ని అనుమానించడానికి మనకు మనసొప్పదు, డబ్బులు పెట్టి కొన్నాం కదా.

యాక్సిలరేటర్ పంపు కార్బురేటర్ పక్కన అతుక్కుని ఉండే చిన్న డబ్బా లాంటి భాగం. పెట్రోలు కలపడానికి అన్ని జెట్లు ఉండగా ఇదొకటి విడిగా ఎందుకో తెలిస్తేనే దాని జబ్బులు అర్థమవుతాయి.

ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు, పెడల్‌తో పాటు తెరుచుకుంటూ గాలికి దారిచ్చే థ్రాటిల్ రెక్క దాదాపు మూసి ఉంటుంది. రెక్క కింద ఇంజన్ లాగే లాగుడు, అంటే వ్యాక్యూమ్, బలంగా ఉంటుంది. ఆ లాగుడుకే రెక్క అంచున ఉన్న సన్నని రంధ్రాల్లోంచి స్లో జెట్టు పెట్రోలు వస్తుంది. పెడల్ ఒక్కసారిగా తొక్కితే రెక్క తెరుచుకుని ఆ వ్యాక్యూమ్ పడిపోతుంది, స్లో జెట్టు చేతులెత్తేస్తుంది. మెయిన్ జెట్టు పనిలోకి దిగాలంటే కార్బురేటర్ గొంతులోని వెంచురీ అనే ఇరుకులో గాలి వేగం పుంజుకోవాలి, దానికి ఇంకాస్త సమయం పడుతుంది. ఒకరు డ్యూటీ దిగారు, రెండోవారు ఇంకా ఎక్కలేదు.

ఇది చాలదన్నట్టు గాలి, పెట్రోలు ఒకేలా పరిగెత్తవు. లీటరు గాలి బరువు సుమారు 1.2 గ్రాములు, లీటరు పెట్రోలు సుమారు 740 గ్రాములు. అంటే సుమారు 600 రెట్లు. దారి తెరవగానే గాలి దూసుకుపోతుంది, బరువైన పెట్రోలు వెనకబడుతుంది. పైగా వ్యాక్యూమ్ పోయిందంటే మానిఫోల్డ్ (కార్బురేటర్ నుంచి సిలిండర్లకు పోయే గొట్టం) లోపల పీడనం పెరిగిందన్నమాట. పీడనం పెరిగితే ద్రవం ఆవిరి కావడం కష్టమవుతుంది. కుక్కర్ మూత బిగిస్తే నీళ్లు ఇంకా ఎక్కువ వేడి దగ్గర మరిగేది ఇందుకే. అలా ఆవిరి కాని పెట్రోలు మానిఫోల్డ్ గోడలకు తడిగా అంటుకుపోతుంది, సిలిండర్ దాకా చేరదు. పెట్రోలు పూర్తిగా మండాలంటే ఒక గ్రాముకు 14.7 గ్రాముల గాలి కావాలి. బండి లాగాల్సి వచ్చినప్పుడు పెట్రోలు ఇంకొంచెం ఎక్కువ పడితేనే బాగుంటుంది. కాని సరిగ్గా అప్పుడే అది తగ్గిపోతుంది. పల్చబడ్డ ఆ మిశ్రమం నెమ్మదిగా, సాగుతూ మండుతుంది. ఇన్‌లెట్ వాల్వు మళ్లీ తెరుచుకునే వేళకు కూడా మంట ఆరకపోతే అది వెనక్కి తిరిగి కార్బురేటర్‌లోంచి పేలుతుంది. నేను విన్న తుమ్ము అదే.

ఈ లోటు పూడ్చడానికే పంపు. పెడల్ కదిలిన క్షణంలోనే కొంచెం పచ్చి పెట్రోలును నేరుగా కార్బురేటర్ గొంతులోకి చిమ్మడం దాని పని. ఐడ్లింగ్‌తో దానికి పని లేదు, స్థిరమైన వేగంతోనూ లేదు. నా బండి ఆ రెండింటిలో బాగుండి, తొక్కిన క్షణంలో మాత్రమే తడబడటం అప్పటికే వేలెత్తి పంపును చూపిస్తోంది.

లోపలి ఏర్పాటు వీధి చివరి చేతిపంపు లాంటిదే. బోరింగు కొట్టిన వాళ్లందరికీ ఇది తెలుసు: కింద ఒక వాల్వు నీటిని పైకి రానిచ్చి కిందికి పోనివ్వదు, పైన తోలు వాషరు నీటిని ఎత్తుతుంది. వాషరు ఎండిపోతే ఎంత కొట్టినా గాలే, చెంబుడు నీళ్లు పోసి నానబెడితే గాని పలకదు. కార్బురేటర్‌లో నీటి స్థానంలో పెట్రోలు, పిడి స్థానంలో థ్రాటిల్‌కు కట్టిన చిన్న మీట. తోలు వాషరు స్థానంలో కొన్నింటిలో తోలు లేదా రబ్బరు కప్పు ఉన్న పిస్టన్, పద్మిని సోలెక్స్‌లో గుడ్డకు రబ్బరు పూసిన పొర, డయాఫ్రమ్. కార్బురేటర్‌లోనే పెట్రోలు నిలవ ఉండే చిన్న తొట్టి, ఫ్లోట్ చాంబర్, నుంచి పంపులోకి వచ్చే దారిలో ఒక వాల్వు ఉంటుంది, చాలావరకు మిరియం కన్నా చిన్న ఉక్కు గుండు. పంపు నుంచి, గొంతులోకి చిమ్మే మూతి అయిన నాజిల్‌కు పోయే దారిలో చాలా రకాల్లో ఇంకొకటి. పెడల్ వదిలితే డయాఫ్రమ్ వెనక్కి వస్తుంది, మొదటి గుండు లేచి పెట్రోలు లోపలికి వస్తుంది. తొక్కితే మొదటి గుండు కూర్చుని వెనకదారి మూస్తుంది, రెండోది లేచి ముందుదారి ఇస్తుంది. మీటకు, డయాఫ్రమ్‌కు మధ్య ఒక స్ప్రింగు కూడా ఉంటుంది. పెడల్ ఎంత వేగంగా తొక్కినా ముందు ఆ స్ప్రింగు నొక్కుకుపోయి, తరవాత అదే డయాఫ్రమ్‌ను తోస్తుంది. అందుకే ధార చటుక్కున అయిపోకుండా ఒక క్షణం సాగుతుంది.

చూడబోతే కొత్త డయాఫ్రమ్ వేయడమంటే ఈ గొలుసులో ఒక్క లంకె మార్చడమే. రెండు గుండ్లు, అవి కూర్చునే గద్దెలు, నాజిల్, స్ప్రింగులు, మీట, దాన్ని థ్రాటిల్‌కు కలిపే కడ్డీ పాతవే. వాటిలో ఏ ఒక్కటి మొరాయించినా పంపు మొత్తం మూగబోతుంది.

స్పానర్ పట్టుకోకముందు రోడ్డు మీద ఒక పరీక్ష చేయాలి. ఇంజన్ బాగా వేడెక్కాక యాక్సిలరేటర్‌ను చాలా నెమ్మదిగా, నాలుగైదు సెకన్లపాటు పెంచుకుంటూ తొక్కండి. అప్పుడు సాఫీగా పుంజుకుని, ఒక్కసారి తొక్కినప్పుడే తడబడితే అనుమానం పంపు మీదే. నెమ్మదిగా తొక్కినా ఒకచోట తడబడితే పంపును వదిలేసి స్లో జెట్టు దారులు, ఫ్లోట్ మట్టం, గాలి లీకులు చూడాలి. రెండో పరీక్ష చోక్‌తో, అంటే గాలి తగ్గించి మిశ్రమాన్ని చిక్కబరిచే మీటతో. చోక్ కాస్త లాగి పట్టుకుంటే తడబాటు తగ్గిందనుకోండి, ఇంజన్ పెట్రోలు చాలక ఏడుస్తోందని అర్థం. ఎక్కువైతే, తొక్కినప్పుడు నల్లపొగ కూడా వస్తుంటే, పెట్రోలు మితిమీరి పడుతోంది. పంపు అతిగా చిమ్మినా బండి తడబడుతుంది, ఇది చాలామందికి తట్టదు.

తరవాత కళ్లతో చూడాలి. ఈ ఒక్క పని చేసి ఉంటే నాకు నెల రోజులు కలిసొచ్చేవి. ఇంజన్ ఆపి, చల్లారనిచ్చి, బ్యాటరీ వైరు ఒకటి తీసి, ఎయిర్ ఫిల్టర్ విప్పి, గొంతులోకి టార్చి వేసి చూస్తూ థ్రాటిల్‌ను చేత్తో తిప్పడమే. ఇంజన్ తిరుగుతున్నప్పుడు మాత్రం మొహం అక్కడ పెట్టకండి, ఆ తుమ్ములో నిప్పుంటుంది. పదే పదే తిప్పకండి కూడా, చిమ్మిన ప్రతి చుక్కా మానిఫోల్డ్‌లోకే దిగుతుంది.

ఆరోగ్యంగా ఉన్న పంపు థ్రాటిల్ కదలడం మొదలవగానే చిమ్ముతుంది. ధార సన్నగా, తెగకుండా, తెరుచుకుంటున్న రెక్క సందులోకి నేరుగా దిగుతుంది, చేయి ఆగాక కూడా లిప్తపాటు సాగుతుంది. రెక్క సగం తెరుచుకున్నాక మొదలైతే మీటకు, కడ్డీకి మధ్య వదులు పేరుకుంది, పిన్నులు అరిగాయి. ధార గోడకు కొట్టుకుంటుంటే ఎవరో నాజిల్‌ను వంచారు. నాలుగైదుసార్లు తిప్పాకే మొదటి చుక్క వస్తే, విరామం ఇచ్చి మళ్లీ తిప్పినా అదే కథైతే, నాజిల్ వైపు వాల్వు సరిగా కూర్చోవడం లేదు. పంపు వెనక్కి వచ్చినప్పుడల్లా పెట్రోలుకు బదులు నాజిల్ నుంచి గాలి పీల్చుకుంటోంది. అదే వాల్వు పూర్తిగా లేకపోతే ఇంకో వింత. వేగంగా పోతున్నప్పుడు గొంతులోని గాలి ఆ నాజిల్ నుంచి పెట్రోలును ఊరికే లాగేసుకుంటుంది. మైలేజీ పడిపోతుంది, కారణం ఎవరికీ అంతు పట్టదు. మీట బిగిసినట్టుండి ఏమీ రాకపోతే నాజిల్ మూసుకుపోయింది. దాన్ని గాలితో ఊదాలి గాని గుండుసూదితో పొడవకూడదు. ఆ రంధ్రం కొలత చెడితే తిరిగి తెచ్చుకోలేం.

నా పద్మినిలో కనిపించింది ఇవేవీ కావు. తిప్పగానే వచ్చింది గాని, ధార కాదు. పసిపిల్ల చొల్లు కార్చినట్టు నాజిల్ మూతి నుంచి గోడవెంట జారింది. మీట తేలిగ్గా, దేన్నీ తోయనట్టు కదిలింది. పంపు కవరు బయట పెట్రోలు తడి లేదు కాబట్టి డయాఫ్రమ్ చిరగలేదు. మరి తోసిన పెట్రోలు ఎటు పోతోంది? ఫ్లోట్ చాంబర్ మూత తీసి మళ్లీ మీట నొక్కాను. అడుగున, పంపులోకి పోయే రంధ్రం దగ్గర, పెట్రోలు చిన్న ఊటలా పైకి ఉబికింది. నొక్కిన ప్రతిసారీ ఉబికింది. ముందుకు పోవాల్సిన పెట్రోలు వచ్చిన దారినే వెనక్కి పోతోంది, అంటే అక్కడి గుండు కూర్చోవడం లేదు.

వాల్వు విప్పి తెల్ల కాగితం మీద బోర్లించాను. గుండుతోపాటు ఒక తెల్లని దారప్పోగు పడింది, కనురెప్ప వెంట్రుకంత. కార్బురేటర్‌ను తుడిచిన వేస్టు నూలుది. గుండుకూ గద్దెకూ మధ్య ఆ పోగు మందమంత సందు చాలు, పంపు బలమంతా వెనక్కి జారిపోవడానికి. గద్దెను పెట్రోలుతో కడిగి, గాలి కొట్టి, గుండు వేసి ఊపితే టిక్కుటిక్కుమంది. మళ్లీ బిగించాక వచ్చిన ధార గొంతు అడుగుదాకా తీగలా దిగింది. ఆ నెల రోజులూ పెద్ద జెట్టుతో నల్లబడ్డ ప్లగ్గులు శుభ్రం చేసి, పాత జెట్టు తిరిగి వేశాను.

పంపు సమస్యను పెద్ద జెట్టుతో దాచాలని చూడటం మనవైపు బాగా అలవాటైన వైద్యం. మెయిన్ జెట్టు పెంచితే మొత్తం మిశ్రమమే చిక్కబడుతుంది కాబట్టి ఆ క్షణపు లోటు కొంత కప్పబడుతుంది. దానికి మనం కిలోమీటరు కిలోమీటరుకూ పెట్రోలు రూపంలో కప్పం కడతాం. నా మటుకు నాకు ఇది మరమ్మతు కాదు.

బిగింపులో జరిగే పొరపాట్లలో అన్నిటికన్నా కనిపించకుండా ఉండేది డయాఫ్రమ్‌ది. పంపు కవరుకు నాలుగు స్క్రూలు ఉంటాయి. మీట విశ్రాంతిగా ఉండగానే వాటిని బిగించేస్తే డయాఫ్రమ్ అదే స్థితిలో డోలు చర్మంలా సాగి పట్టుకుంటుంది. ఇక నొక్కినప్పుడు పూర్తిగా లోపలికి వెళ్లే వదులు దానికి ఉండదు, దాని తోపుడు (స్ట్రోకు) సగంలో ఆగుతుంది. స్క్రూలు వేళ్లతో తిప్పి, మీటను చివరిదాకా నొక్కి పట్టుకుని, అప్పుడు ఎదురెదురుగా బిగించాలి. భాగాలన్నీ కొత్తవే, అన్నీ సరైన చోటే ఉన్నాయి, అయినా ధార సగమే వస్తుంటే మొదట చూడాల్సింది ఇది. రెండు నిమిషాల పని.

తోలు కప్పు పిస్టన్లు ఉన్న రకాల్లో కొత్త కప్పు పొడిగా, కాగితంలా బిరుసుగా వస్తుంది. దాన్ని అలాగే దూరిస్తే అంచు ఒకపక్కకు మడతపడుతుంది. పల్చని నూనెలో కాసేపు నానబెట్టి, అంచును వేళ్లతో విప్పి, మెల్లగా దించాలి. రెండు గుండ్లు ఉన్న కార్బురేటర్లలో అవి ఒకే సైజులో ఉండాలని లేదు, తారుమారైతే ఒకటి రంధ్రంలో ఇరుక్కుంటుంది, ఒకటి ఊగులాడుతుంది. గుండు తీయకుండా కంప్రెసర్ గాలి కొడితే అది ఎగిరిపోయి షెడ్డు మూలల్లో కలిసిపోతుంది, పోయిందని ఎవరికీ తెలియను కూడా తెలియదు. ఒకే కిట్టును నాలుగైదు మోడళ్లకు అమ్మేవాళ్లూ ఉన్నారు. కొత్త ప్యాకింగ్‌ను పాతదాని మీద పరిచి రంధ్రాలు కలిశాయో లేదో చూడనిదే వేయకూడదు. ఒక్క రంధ్రం లేకపోయినా పంపు దారి కాగితంతో మూసినట్టే. కడ్డీ తగిలించడానికి మీటకు రెండు మూడు రంధ్రాలు ఉంటే విప్పేముందు ఫోనులో ఫొటో తీసుకోవడం మంచిది. రంధ్రం మారితే స్ట్రోకు మారుతుంది.

ఇప్పుడు మన పెట్రోలు గురించి ఒక మాట. 2023 నుంచి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు బంకుల్లోకి వచ్చింది, 2025కల్లా దేశమంతటా అదే మామూలైంది. ఇథనాల్ తేమను పీలుస్తుంది. పాత రకం రబ్బరును ఉబ్బిస్తుంది, బండి నెలల తరబడి కదలకుంటే ఆ రబ్బరు ఎండి బిరుసెక్కుతుంది. షాపు అరలో పదేళ్లుగా పడి ఉన్న 'కొత్త' కిట్టులోని డయాఫ్రమ్ ఈ పెట్రోలును దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు. మడిచి చూస్తే అట్టలా పెళుసుగా ఉన్నదాన్ని తిరిగి ఇచ్చేయండి. ఇథనాల్‌కు తట్టుకునే రకం అడిగి తీసుకోవడమే మేలు.

పంపు చక్కగా చిమ్ముతున్నా తడబాటు పోకపోతే దాన్ని వదిలేయాలి. పాత కార్బురేటర్లలో థ్రాటిల్ రెక్క కడ్డీ తిరిగే రంధ్రం అరిగి వదులవుతుంది. రెక్కను పట్టి అటూ ఇటూ ఊపితే ఆ వదులు చేతికి తెలుస్తుంది. అక్కడి నుంచి దొంగగాలి దూరుతుంది, ఏ కిట్టూ దాన్ని పూడ్చలేదు, లేత్ దగ్గర బుష్ వేయించాల్సిందే. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ పక్కన, నిప్పురవ్వ పడే వేళను ముందుకు జరిపే వ్యాక్యూమ్ అడ్వాన్స్‌లోనూ ఒక డయాఫ్రమ్ ఉంటుంది, అది చిరిగినా, టైమింగ్ వెనకబడినా, తొక్కిన క్షణంలో బండి అచ్చం ఇలాగే బద్ధకిస్తుంది. ఇక మే నెల ఎండల్లో ఇంజన్ ఆపి పావుగంట తరవాత మళ్లీ తీస్తే మొదటి ఒకటి రెండు తొక్కుళ్లు పలకకపోవచ్చు. ఇంజన్ వేడికి ఫ్లోట్ చాంబర్‌లో పెట్రోలు మరిగి, పంపులో ద్రవానికి బదులు ఆవిరి నిండుతుంది. కాసేపు నడిస్తే అదే సర్దుకుంటుంది, దానికోసం కార్బురేటర్ విప్పకండి.

ఎస్‌యూ కార్బురేటర్ ఉన్న అంబాసిడర్ అయితే వెతికినా పంపు దొరకదు, అందులో అసలు ఉండదు. పైకీ కిందికీ కదిలే పిస్టన్ ఒకటి గాలి దారిని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. పెడల్ తొక్కగానే అది చటుక్కున లేవకుండా పై గొట్టంలో పోసిన నూనె ఆపుతుంది. ఆ క్షణం గాలి ఇరుకు సందులోంచే దూసుకుపోతూ పెట్రోలును ఎక్కువగా లాక్కెళుతుంది. పంపు చేసే పనే, పంపు లేకుండా. అలాంటి బండి తడబడితే నల్లమూత తిప్పి నూనె ఉందో లేదో చూడటంతోనే సగంసార్లు కథ ముగుస్తుంది. మోటార్‌సైకిళ్లలో చూస్తే, 1999లో వచ్చిన హీరో హోండా సీబీజెడ్‌లో ట్రాన్సియంట్ పవర్ ఫ్యూయెల్ కంట్రోల్ అని గొప్పగా పేరు పెట్టి చెప్పుకున్నది ఈ చిన్న పంపునే.

ధార కంటికి బాగున్నా సరిపడా ఉందో లేదో తేల్చుకోవాలంటే కొలవాలి. కార్బురేటర్‌ను బండి నుంచి దించి, ఫ్లోట్ చాంబర్ నింపి, కింద మందుసీసా మూతలాంటి కొలతగిన్నె పెట్టి, థ్రాటిల్‌ను మొదటి నుంచి చివరిదాకా పదిసార్లు తిప్పాలి. ప్రతిసారీ వదిలాక పంపు నిండేలా రెండు సెకన్లు ఆగాలి. వచ్చినదాన్ని పదితో భాగించి మీ మోడల్ మాన్యువల్‌లో ఇచ్చిన అంకెతో పోల్చాలి. కొందరు తయారీదారులు అంకెను ఒక స్ట్రోకుకు ఇస్తారు, కొందరు పది స్ట్రోకులకు. అమెరికా హోలీ కార్బురేటర్ల 30 సీసీ, 50 సీసీ పంపులంటే అది పది స్ట్రోకుల లెక్క. ఇది గమనించక తన పంపు పదోవంతే ఇస్తోందని బెంగపడేవాళ్లు ఉంటారు.

నాన్న పొద్దున్నే తాళం తిప్పేముందు పెడల్ మూడుసార్లు తొక్కేవారు. చిన్నప్పుడు అది అలవాటే అనుకున్నాను. ఆ మూడు తొక్కుళ్లూ మూడు ధారలు, చల్లటి ఇంజన్‌కు తొలి ముద్దలు. పంపు పాడైన నెల రోజులూ పొద్దున స్టార్టింగ్ మొండికేయడం కూడా ఒక సూచనేనని నాకు తరవాత గాని వెలగలేదు. ఇప్పటి ఇంజెక్షన్ కార్లలో ఆ తొక్కుడుకు అర్థం లేదు, తాళం తిప్పకముందు అక్కడ పెట్రోలు కదలదు.

ఒక జాగ్రత్త మాత్రం మిగిలింది. బండి నెలో రెండు నెలలో కదలకుండా ఉంటే ఫ్లోట్ చాంబర్‌లో పెట్రోలు ఆవిరైపోతుంది. అప్పుడు గొంతులోకి టార్చి వేసి తిప్పితే చుక్క రాదు, పంపు పోయిందనిపిస్తుంది. చాలా పాత బండ్ల మెకానికల్ పెట్రోలు పంపుకు కింద చేత్తో కొట్టే చిన్న మీట ఉంటుంది. దాన్ని చేతికి బరువు తగిలిందాకా కొట్టి, చాంబర్ నిండాక మళ్లీ తిప్పి చూడండి. అప్పుడు కూడా చిమ్మకపోతేనే స్క్రూడ్రైవర్ తీయాలి.